మూడు వందల పన్నెండు వరుసల ఇషిగాకి

"మీరు టెన్షన్ పడకండి ఆంటీ. ప్లాన్ చేసిందెవరు? నేను. ఎక్సెల్‌లో నలభై వరుసలతో మొదలుపెట్టా, ఇవాళ్టికి మూడు వందల పన్నెండయ్యాయి. ఇషిగాకి అంటే జపాన్‌లో ఓకినావా కంటే కింద, తైవాన్ పక్కన బుల్లి దీవి. అక్కడ ఏ బస్సు ఏ స్టాపులో ఎన్ని సెకన్లు ఆగుతుందో డ్రైవర్ల కంటే నాకే బాగా తెలుసు," అన్నాడు కిట్టు.

ఆస్ట్రేలియాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో రాజారావు అంకుల్ పెరడు. శనివారం మధ్యాహ్నం. బార్బెక్యూ పొయ్యి మీద పనీర్ మాడుతున్నా ఎవరూ చూడట్లేదు. ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి, రెండిళ్ల వాళ్లు కలిపి ఆరుగురికీ ఫ్లైట్.

"మీ అంకుల్ బస్సెక్కలేరు కిట్టూ. మోకాలి ఆపరేషనయి రెండు నెలలేగా," అన్నారు శ్యామసుందరి ఆంటీ.

"అందుకేగా వ్యాన్ బుక్ చేశా! నడిపేది నేనే. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, ఇంక చూసేదేముంది? లైసెన్సుల వరుస దండగని తీసిపారేశా. బ్యాగులంటారా, ఏడు కిలోలు దాటకుండా అంకుల్ మందుబిళ్లలు ఒక్కోటీ తూచా. ఆవకాయ సీసా వేరే, మూత వేరే తూచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎయిర్‌లైన్ వాళ్లే ఫోన్ చేసి, బాబూ, మా విమానం కూడా ఓసారి తూచిపెట్టవా అన్నారు!"

"తూచావా?" అంది ఆంటీ వాళ్లమ్మాయి గీతిక, ఫోన్లోంచి తలెత్తకుండా.

"తూచా. పదకొండు కిలోలు ఎక్కువుంది. తగ్గించుకోమన్నా."

"మరి తుపాను? అటే వస్తోందని టీవీలో చెబుతున్నారుగా." ఆంటీ పళ్లెం కింద పెట్టేశారు.

"మంగళవారం నాలుగింటికి మన హోటల్ మీదకి రావాలది. మన చెక్-ఇన్ మూడింటికి. ఊరుకుంటానా? వాతావరణం ఆఫీసుకి ఫోన్ కొట్టా. మా చేతుల్లో లేదన్నారు. అయితే లైను తుపానుకే కలపమన్నా. ఆ హోరు మీరు వినాలి! అమ్మా, మా అంకుల్‌కి మోకాలు బాగాలేదు, మూడు వందల పన్నెండు వరుసలు మళ్లీ కొట్టలేను, నువ్వే ఓ నాలుగొందల కిలోమీటర్లు తూర్పుకి జరగమన్నా. జరిగింది పాపం! జరిగి, ఇంత చాలా? ఇంకా జరగనా? అని మళ్లీ ఫోన్..."

"కిట్టూ, వ్యాన్ వాళ్ల మెయిల్ చదివావా?" గీతిక తలెత్తింది. "ఇక్కడి లైసెన్స్ ఒక్కటే చాలదట. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటేనే తాళాలిస్తారట."

కిట్టు ల్యాప్‌టాప్ తెరిచాడు. వరుసలన్నీ పైకి జరిపాడు, కిందికి జరిపాడు. "ఆ పర్మిట్ ఇచ్చే ఆఫీసు... ఎన్నింటిదాకా ఉంటుంది?"

"ఇవాళ పన్నెండింటికే మూసేశారు. మళ్లీ సోమవారం తొమ్మిదికి."

కిట్టు 'ఫ్లైట్ ఎనిమిదికి' అన్న వరుస కింద 'పర్మిట్ తొమ్మిదికి' అని కొత్త వరుస కొట్టి, చెరిపేశాడు.

పక్కనే కుర్చీలో కూర్చున్న రాజారావు అంకుల్ మోకాలు నిమురుకుంటూ అన్నారు: "దానికేం నాయనా, తుపాను నంబరు నీ దగ్గరుందిగా. మళ్లీ ఫోన్ చేసి, వెనక్కొచ్చి ఓ రోజు విమానాలు ఆపమను."