మైకు బాబాయి అమ్మిన చెవులు

వినికిడి మిషన్ల కొట్టులో చేరి నెల కావస్తున్నా కొత్తమ్మాయి ఒక్కటంటే ఒక్కటి అమ్మలేదు. ఈ సాయంత్రానికైనా బోణీ కాకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని ఓనరమ్మ తేల్చి చెప్పేసింది. అందుకే ఆమె ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద, తమ కొట్టులోనే ఇరవయ్యేళ్లుగా పాతుకుపోయిన మైకు బాబాయి పక్కన చేరి, కిటుకేదైనా చెప్పమంది. గొంతు అలాంటిది కాబట్టే ఆయనకా పేరు.

అడగడమే ఆలస్యం, బాబాయి అందుకున్నాడు. "మనిషి పైకి చెప్పేదొకటి, మనసులో ఉండేదొకటి తల్లీ, ఆ లోపలిది పట్టుకోవాలి. ఓ లెక్కల మాస్టారు ఉండేవాడు, చెవుడు, ఎవరు చెప్పినా కొనడు. ఒక్క చూపు చూశా, వాళ్లావిడ సణుగుడు వినాల్సొస్తుందని భయపడుతున్నాడని కనిపెట్టేశా, మిషన్ ఆపే మీట చూపించా, కళ్లకద్దుకుని కొన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన గొణుక్కునేది వినాలని వాళ్లావిడ కొంది, వాళ్లిద్దరి గొడవ వినాలని పక్కింటివాళ్లు కొన్నారు, వారం తిరక్కుండా వీధి వీధంతా కొనేసింది."

"చెవులు బాగున్నవాళ్లు కూడానా?" అంది టీ కాచే అక్క.

"వాళ్లయితే రెండేసి. దాంతో ఊరికి నిద్ర కరువైంది, గోడ మీద చీమ నడిచినా అడుగుల చప్పుడే. అప్పుడు అందరికీ చెవుల్లోకి దూది కూడా నేనే అమ్మాను, బండెడు. అదంతా ఎందుకు, చౌరస్తాలో రాతి విగ్రహం ఉంది చూడు, పాపం ఎవరి మాటా వినపడకే అలా బిగుసుకుపోయిందని నాకర్థమై, నిచ్చెనేసుకుని చెవికి మిషన్ పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెడ వంచి, రెండో చెవికీ పెట్టవయ్యా అంది."

"రాయి అడిగిందా?" అంది అక్క.

"రాయి కాబట్టి అడిగి ఊరుకుంది, మనిషైతే బేరమాడేవాడు."

బల్ల చివర కూర్చున్న తాతయ్య గ్లాసు కింద పెట్టాడు. మూడు వారాలుగా మిషన్ల కొట్టుకి రావడం, ఏదీ కొనకుండా వెళ్లిపోవడం ఆయనకి అలవాటు.

"నీ దగ్గరికి మూడుసార్లొచ్చా నాయనా," అన్నాడు తాపీగా. "నీ గొంతు నాకు ఏ మిషనూ లేకుండానే వినపడింది. ఇంక కొనడం దేనికని వెళ్లిపోయా."

అక్క పక్కకి తిరిగి నవ్వుకుంది. బాబాయి టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కొత్తమ్మాయికి సిగ్గేసింది. తనూ ఈ తాతయ్యకి బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో అప్పజెప్పిందే కానీ, ఒక్క మాట అడిగింది లేదు. లేచి వెళ్లి ఆయన చెవి దగ్గర కూర్చుంది. "మీకేం వినాలనుంది తాతయ్యా?"

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"మా మనవరాలికి మాటలొచ్చాయమ్మా. అది ఏదో అంటుంది, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. వాళ్ల మొహాలు చూసి నేనూ నవ్వుతున్నా. అదేమంటోందో మాత్రం తెలీదు."

ఆమెకి కళ్లు చెమర్చాయి. "ముందు పాపని తీసుకురండి తాతయ్యా. తను మాట్లాడుతుంటేనే మిషన్ చెవికి పెట్టి చూద్దాం. నచ్చితేనే కొనండి."

తాతయ్య సగం టీ వదిలేసి లేచాడు. "ఇప్పుడే తెస్తా. కొట్టు మూసేయకండి."

బాబాయి ఆమె వైపు వంగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించాడు. "ఈ కిటుకు నేనే నేర్పానని చెప్పుకోవచ్చా తల్లీ?"

తాతయ్య ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమంటున్నాడమ్మా?"