గంజు సందుల లెక్క

మంజీర పొంగి బోధన్ చెరుకు తోటలు మునిగిన ఏడు అది. నిజామాబాదుల పసుపు అమ్మే గంజు నుంచి బట్టల బజారుకు నడిచెటోళ్లకు, సైకిళ్లకు వేరే బాట ఎయ్యాల్నని మున్సిపాలిటీ అనుకున్నది. గంజు సందు, టాకీసు సందు రెండిట్ల ఏ సందుల ఎక్కువ మంది పోతే ఆ సందులనే బాట. గంజు సందుల మనుషులను లెక్కవెట్టే పని లింబయ్యకు దొరికింది. లెక్క ముగిసిన నెలకు, పసుపు గంపలు మోసే భూమవ్వ కాలికి కట్టుతోని ఎదురైంది.

"కాలుకేమైందక్కా?"

"బండి మీదికొస్తే పక్కకు జరిగి మురికినీళ్ల మోరీల పడ్డ. బాట మా సందుకు రాదంట గద తమ్మీ?"

"లెక్క తక్కువొచ్చిందక్కా. టాకీసు సందుకు పోయింది."

"తక్కువెట్లొస్తది? గంపలు మోసెటోళ్లమే రెండు నూర్ల మందిమి. ఎంత రాసినవు?"

"నూటపది."

"నీ ముంగట్నుంచే నాలుగుసార్లు పోయిన. నన్ను రాసినవా?"

లింబయ్య తల కిందికేసుకున్నడు.

"అడిగేది నిన్నే."

"ఆడోళ్లొస్తుంటే తల కిందికేసుకున్ననక్కా. తొవ్వల కూసొని ఆడోళ్లను సూసుడు మర్యాద గాదనుకున్న."

"ఒక్కరినన్న రాయలే?"

"ఒక్కరిని గూడ రాయలే."

"మంచి మర్యాదే! మమ్ముల సూసుడు తప్పు, మేం మోరీల పడుడు తప్పు గాదు?"

లింబయ్యకు తల కొట్టేసినట్టయింది.

"మున్సిపాలిటీ సాబుకు జెప్పరాదు?"

"ఏమని జెప్పాలక్కా? అందరు నవ్వుతరు."

"నవ్వనియ్యి. నేను పడ్డప్పుడు గూడ నవ్విండ్రు."

తెల్లారి లింబయ్య ఆఫీసుకు పోయి, నలుగురి నడుమ నిలబడి, "నా లెక్క తప్పు సాబ్, ఆడోళ్లనందరిని ఇడిసిపెట్టిన" అన్నడు.