తాతగారు ఆగిన రోజు

ఆసుపత్రి మెట్ల కింది సర్వర్ గదిలో, నాలుగింటికి కరెంటు తీసేస్తారన్న నోటీసు పట్టుకుని నిలబడింది ఆమె. రోగుల రికార్డులన్నీ అక్కడున్న ఒకే ఒక్క మెషీన్‌లో ఉన్నాయి. దాన్ని చూసుకునే పెద్దాయనకు ఇవాళే ఆఖరి రోజు. రేపటినుంచి ఆ పని ఆమెది.

"సార్, రెండు నిమిషాలే ఉంది. మెషీన్‌ని మనమే పద్ధతిగా ఆపేద్దాం."

"తాతగారినా? పన్నెండేళ్లుగా ఒక్కసారి కూడా ఆగలేదమ్మా. ఏటా పుట్టినరోజుకి టోపీ పెట్టి, ఫొటో తీసి మా సర్వర్లవాళ్ల గ్రూపులో పెడతాను. కుళ్లుకుని చస్తారు."

"బ్యాటరీ మీద నడవదా?"

"బ్యాటరీలు పోయి మూడేళ్లయింది, అదృష్టం కొద్దీ అప్పట్నుంచి కరెంటు పోలేదు. మార్చాలంటే తాతగారిని ఆపాలి కదా."

"పోనీ, బ్యాకప్?"

"రోజూ దానంతటదే తీసుకుంటుంది."

"ఎక్కడికి?"

"తాతగారిలోకే. ఇంకెవర్ని నమ్ముతాం?"

ఆమె గోడకి ఆనుకుంది.

"ఆగిపోతే మళ్లీ లేపడం ఎలా సార్?"

"అరవై పేజీలు రాసిపెట్టాను. బొమ్మలు కూడా వేశాను."

"ఇటివ్వండి."

"తాతగారిలో ఉంది."

"అయితే తెరవండి, ఫోన్లో ఫొటోలు తీసుకుంటా."

"నువ్వే తెరువు. పాస్‌వర్డ్ మొదటి పేజీలో ఉంటుంది."

లైటు పోయింది. దాంతోపాటే తాతగారి ఫ్యాన్ల మోత కూడా నెమ్మదించి ఆగింది.

"ఎంత ప్రశాంతంగా ఉందో. ఈ గది ఇలా ఉంటుందని నాకే తెలీదమ్మా."

"రేపు పొద్దున్నే రోగులొస్తే ఏం చెయ్యను సార్?"

పెద్దాయన జేబులోని పెన్ను తీసి, చీకట్లో తడుముకుంటూ ఆమె చేతిలో పెట్టాడు.

"పేరేంటి, ఏం జబ్బు అని మొదటినుంచి అడుగు తల్లీ."