నీలం చుక్క

కర్దనూర్‌లోని తమ ఇంట్లో సృజన పాత కంప్యూటర్ మూత విప్పి కూర్చుంటే, తల్లి ఎంకమ్మ పక్కకు చేరింది.

"మంచిగున్నదాన్ని ఎందుకు విప్పినవ్ బిడ్డా?"

"దీన్ని నడిపే అసలు ప్రోగ్రాం, కెర్నల్, నేనే తయారుచేస్తున్ననమ్మా. లోపల ఏమేమున్నయో తెలిస్తేనే వాటికి కావాల్సినవి ఉంచి, మిగిలినయి తీసేయొచ్చు."

"ఆ నెట్‌వర్క్ కార్డు మూలకు నీలం చుక్క ఉన్నది, సూడు."

"ఉంటే ఏంది?"

"ఈ కార్డులు తయారుచేసే మా ఫ్యాక్టరీల చెకింగ్ చేసేటోళ్లకు తలా ఒక రంగు. నీలం నాది."

ఆ మాటంటుంటే ఎంకమ్మ మెడ దానంతటదే నిటారైంది.

"నువ్వు పాస్ చేసిందా! అయితే ఇగ చూసేదేముంది? ముందుగాల ఈ కార్డును నడిపే ప్రోగ్రాం ముక్కనే కెర్నల్‌ల ఎక్కిస్త."

"గట్లనకు. నా చుక్కున్నా సరే, నువ్వు చెక్ చేసినంకనే ఎక్కియ్యి. నేను గట్ల చెక్ చేసిన కాబట్టే ఆ కార్డు ఇంకా నడుస్తున్నది."