ఊదారంగు చార

మధ్యాహ్నం టపాలో వచ్చిన ఉత్తరాన్ని దర్జీ వంటింటి గుమ్మంలో నిలబడి రెండుసార్లు చదివాడు. వాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ ఆ ఉత్తర ధ్రువం దగ్గరి ఊళ్లో, రాత్రుళ్లు ఆకాశంలో మెరిసే రంగుల వెలుగుల్ని, అంటే ధ్రువకాంతుల్ని, అతను ఆరేళ్లుగా ఫొటోలు తీసి పరిశోధకులకు పంపుతున్నాడు. వాళ్లు రాసిన జవాబది.

"ఏమన్నారండీ?" అంది భార్య.

"నా ఫొటోలు ఒక్కటీ పనికిరావట."

"అదేంటి! ఆ ఊదారంగు చార అందరికన్నా ముందు చూసింది మీరేగా?"

"నేనే. కానీ నేను రాసిన టైము ఉపగ్రహం లెక్కతో కలవట్లేదట. కెమెరా గడియారం ముందుందంటున్నారు."

"రోజూ సరిచేసేవారు కదా?"

"చేసేవాణ్ణి. మన గోడ గడియారం చూసి."

ఆమె స్టవ్ ఆపేసింది.

"దాన్ని ముందుకు తిప్పావు కదూ?" అన్నాడతను.

"రాత్రంతా మిద్దె మీద ఉండి పొద్దున పూజకి లేవరు. ఏం చేయమంటారు?"

"ఎంత తిప్పావో చెప్పు. అంత తీసేసి చూసుకుంటామన్నారు."

"మొదట పది నిమిషాలు. మీరు లేవనప్పుడల్లా ఇంకో రెండో మూడో. చుట్టాలొచ్చి నవ్వితే కాస్త వెనక్కి."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే ఇంకా టైముందని మళ్లీ ముసుగు తన్నేవారు."

"ఇన్నేళ్లలో ఎవరి చొక్కాకీ వేలెడు తేడా రానివ్వలేదే నేను! దేవుడు చూపించాడు, నేను చూశాను. ఎప్పుడు చూశానో మాత్రం చెప్పలేను."

"మరి వాళ్లకేం రాస్తారు?"

"మా ఇంట్లో టైమెంతో మాకే తెలీదని రాస్తాను."