తార వీపున అక్షరాలు

బోగోలు దగ్గరి పల్లెపాలెంలో, జాలరి ఇంటి వసారాలో కూర్చుని, మ్యూజియం ఆఫీసరు జానెడు కంచు బొమ్మను వెనక్కి తిప్పి చూశాడు. ఇంటావిడ ఎదురుగా నిలబడి ఉంది.

“దీన్ని దేంతో తోమావమ్మా?”

“చింతపండు, ఇటుకపొడి. శుక్రవారం శుక్రవారం తోమి పసుపు పెడతా. మా ఆయన వలలో పడిన గంగమ్మ సార్.”

“గంగమ్మ కాదు, తార! బౌద్ధుల దేవత. వీపున సన్నగా గీసిన అక్షరాలుండేవి. చేయించినవాళ్ళ పేరేమో! అంతా అరగదీశావు. ఒక్కటన్నా మిగిల్చావా?”

“తల్లి మకిలి పట్టి ఉంటే ఎట్ట చూస్తా ఊరుకునేది?”

“బుద్ధుండే చేశావా ఈ పని?”

“అరవబాకండి సార్. పోయిన సంవత్సరం మీరు చూసినారు గదా ఆ అక్షరాలు. అప్పుడే రాసుకోలేదే?”

“అది పాత లిపి. ఫోటో తీద్దామంటే ఫోన్లో చార్జింగ్ లేదు. చదివేవాళ్ళను తీసుకుని వచ్చే వారం వస్తానన్నాను కదా!”

“అన్నారు. తోమొద్దని మాత్రం అన్లేదు. మీ వచ్చే వారం వచ్చేలోపల అరవై శుక్రవారాలు పోయినాయి. నేను ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు సార్.”