దుప్పట్ల చాటున ధూమరాజ్యం

మేడమీది తీగలపై ఆసుపత్రి దుప్పట్లు, దండయాత్రకు బయల్దేరిన నౌకాదళపు తెరచాపల్లా, గాలికి నెమ్మదిగా ఉబ్బుతున్నాయి. వాటి చాటున లాండ్రీలో పనిచేసే వదినామరదళ్లు నిలబడి ఉన్నారు. మరదలికి ఆరో నెల, ఆమె వేళ్ల మధ్య సిగరెట్టు.

“ఇవాళ్టికి ఇదే మొదటిది వదినా.”

“నేనేమీ అడగలేదే. మహారాణివారు ఇక్కడ కొలువుదీరారని పొగే చెప్పింది.”

“రాత్రి కలొచ్చింది. బిడ్డ మబ్బులో కూర్చుని, కళ్లు నులుముకుంటూ నన్ను వెతుకుతోంది. నేను పిలుస్తున్నా వినిపించడం లేదు.”

“ఆ కల డాక్టరమ్మకి చెప్పాల్సింది. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతుకుతావు, ఒక్కసారైనా ఆ మంచమెక్కి పరీక్ష చేయించుకోవు.”

“నర్సు వాసన పట్టేస్తుంది.”

“పట్టనీ.”

“పూర్తిగా మానేశాక, తలంటుకుని, దర్జాగా వెళ్దామనుకున్నా.”

“అయితే ఉతికిన బట్టలే తీసుకుంటామని మన లాండ్రీకీ బోర్డు పెట్టిద్దామా?”

“నవ్వించకు, లోపల తంతోంది.”

“తన్నదూ మరి?”

“నిజంగా మానలేకపోతున్నాను వదినా. పొద్దున్నే ఒట్టు పెట్టుకుంటా, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే తీసి గట్టున పెడతా.”

“అదే వాళ్లకి చెప్పు. మాన్పించే ఉపాయం వాళ్ల దగ్గరుంటుంది. నా దగ్గరున్నది వెటకారం ఒక్కటే.”

“ఇప్పుడే వెళ్దామా? కాసేపాగితే మళ్లీ మనసు మారిపోతుంది.”

“పద. ఆ సిగరెట్ల పాకెట్టు ఇక్కడే పారెయ్.”

“అది దగ్గరుంటేనే నాకు ధైర్యం.”

“సరే, తెచ్చుకో. నర్సమ్మ బల్లమీద నువ్వే తీసి పెడుదువుగాని.”